ఆపరేషన్ అయిపోయింది, మరి కరెంటు ఎప్పుడు?

మెదడు గడ్డ తీసిన తర్వాత రేడియేషన్, కీమో మాత్రలు మొదలుపెట్టే సమయం గురించి



మూడేళ్ళ క్రితం లెంటు దినాల్లో ఒక సోమవారం, ఓ.పి.లో రద్దీ తగ్గిన తర్వాత మన సంఘ పెద్ద ఒకరు భార్యతో కలిసి నా గదికి వచ్చారు. ఆయన స్కూలు మాస్టారు. (కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.) తలకు తెల్ల రుమాలు కట్టుకున్నారు. ఫిట్స్ వస్తే పట్నం తీసుకెళ్ళడం, స్కానింగులో గడ్డ కనబడడం, వారం తిరగకుండా ఆపరేషన్ జరగడం, ఇవన్నీ మాకు తెలుసు. ఆయన కోసం బుధవారం కూటంలో ప్రార్థన కూడా చేశాం.

"గడ్డ మొత్తం తీసేశారండి, దేవుని కృప" అన్నారు అమ్మగారు. ఆ రోజు వాళ్ళు వచ్చింది షుగర్ చూపించుకోవడానికి. ఆపరేషన్ అయి ఎన్ని రోజులైందని అడిగితే వేళ్ళు లెక్కపెట్టి ముప్పై ఒకటి అన్నారు. బయాప్సీ రిపోర్టు ఏమైందంటే, "ఆ కాగితం కోసం అబ్బాయి వెళ్తానన్నాడండీ, అమ్మాయి పెళ్ళి పనుల్లో కుదరలేదు" అన్నారు.

అక్కడే కూర్చుని ఫోను చేశాం. కాగితం అప్పటికి పన్నెండు రోజులుగా ల్యాబు కౌంటరులో ఉంది. గ్లయోబ్లాస్టోమా, నాలుగో గ్రేడు. పెళ్ళి ఇంకా అయిదు వారాలు. "పెళ్ళి కానిచ్చి వెళ్తాం డాక్టరుగారూ, ఎలాగూ గడ్డ తీసేశారు కదా" అని మాస్టారు మెల్లగా అన్నారు. ఆయన పరిస్థితిలో ఏ తండ్రయినా అదే అంటాడు.

ఇలాంటి మాట మేము తరచుగా వింటున్నాం. అందుకని ఈ సంచికలో ఈ ఒక్క విషయమే వివరంగా రాయాలనుకున్నాను.

తీసేశారు కదా, మళ్ళీ ఎందుకు?

చేలో గరిక పీకిన వారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. పైన కనబడే గుబురంతా పీకేసినా, మట్టిలో పాకిన వేరు ముక్కలు అలాగే ఉంటాయి. మెదడు కణాల నుండే పుట్టే గ్లయోమా జాతి గడ్డలు ఇలాంటివే. కడుపులో గడ్డయితే సర్జన్ చుట్టూ కొంత మంచి కండతో సహా కోసి తీయగలరు. మెదడులో అలా కుదరదు. పక్కనే మాట, చూపు, కాలు చేతుల కదలిక ఉన్నాయి. కాబట్టి కంటికి కనబడినంత తీసి అక్కడ ఆగుతారు. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ ఎమ్మారై తీసేది ఎంత మిగిలిందో చూడడానికే. ఆ ఫిల్ములో ఏమీ లేదని వచ్చినా, ఏ స్కానింగుకూ అందని కణాలు చుట్టుపక్కల ఉంటాయి. రేడియేషన్, కీమో ఆ కణాల కోసమే. "మొత్తం తీసేశాం" అని సర్జన్ చెప్పింది అబద్ధం కాదు. కనబడినదంతా తీశారని దాని అర్థం.

అయితే తలలో గడ్డ అంటే అందరికీ ఒకటే కాదు. మెదడు పై పొరలో వచ్చే మెనింజియోమా మొదటి గ్రేడుదైతే, పూర్తిగా తీసేస్తే, చాలామందికి రేడియేషన్ అక్కరలేదు. ఏడాదికోసారి స్కానింగు చాలు. రెండో గ్రేడు గ్లయోమాల విషయంలో యూరప్ వైద్యులు పెద్ద పరిశోధన చేసి 2005లో ఫలితాలు చెప్పారు. ఆపరేషన్ కాగానే రేడియేషన్ ఇస్తే గడ్డ తిరిగి పెరగడం ఆలస్యమైంది, కానీ మొత్తం ఆయుష్షులో తేడా రాలేదు. అందుకే అలాంటి రోగుల్లో కొందరికి వెంటనే ఇస్తారు, కొందరిని కనిపెట్టి చూస్తారు. పక్క మంచం వారికి ఏం చెప్పారో చూసి మీరు నిర్ణయించుకోవద్దు. మీ బయాప్సీ కాగితం మీది. ఇక్కడ నుండి నేను రాసేది ముఖ్యంగా మాస్టారుకు వచ్చిన నాలుగో గ్రేడు గడ్డ గురించి.

మరీ తొందరగా ఎందుకు వద్దు?

కొన్ని కుటుంబాలు దీనికి వ్యతిరేకంగా ఉంటాయి. ఆపరేషన్ అయిన అయిదో రోజునే "డబ్బు ఎంతైనా కడతాం, రేపే కరెంటు పెట్టించండి" అంటారు. మన ప్రాంతంలో రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు కదా. ఈ మాటవల్లనే షాకు కొడుతుందని భయపడేవారూ ఉన్నారు. అది కరెంటు కాదు. ఎక్స్‌రే వంటి కిరణం, దానికంటే చాలా శక్తిగలది. తగిలినట్టు కూడా తెలియదు. ఇంటికి వచ్చాక మనవళ్ళను ఎత్తుకోవచ్చు, ఒంట్లో కిరణాలేవీ మిగిలి ఉండవు.

తొందర ఎందుకు వద్దంటే, మొదటి సంగతి కుట్లు. తల చర్మం, ఎముక, లోపలి పొర మూడూ అతుక్కోవాలి. పచ్చి గాయం మీద కిరణాలు పడితే మానడం ఆగిపోతుంది, చీము పట్టవచ్చు. చీము పడితే మళ్ళీ ఆపరేషన్, నెలల ఆలస్యం. కీమో మాత్రలు తెల్ల రక్తకణాలను, ప్లేట్‌లెట్లను తగ్గిస్తాయి కాబట్టి అవి కూడా గాయం మానాకే.

రెండవది వాపు. ఆపరేషన్ అయిన మెదడు కొన్నాళ్ళు ఉబ్బి ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. కిరణాలు ఎక్కడ పడాలో గుర్తు పెట్టేది సర్దుకున్న మెదడు మీద అయితే మంచిది.

మూడవది బయాప్సీ. గడ్డ ఏ జాతిది, ఏ గ్రేడు అన్నది చెప్పడానికి ఇప్పుడు సూక్ష్మదర్శినిలో చూస్తే సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనూ మళ్ళీ 2021లోనూ ఈ గడ్డల వర్గీకరణ మార్చింది. ఐ.డి.హెచ్. అనే జన్యు మార్పు ఉందా లేదా వంటి పరీక్షలు పేరునే మార్చేస్తాయి. ఎం.జి.ఎం.టి. అనే పరీక్ష కీమో మాత్ర ఎంత బాగా పనిచేయగలదో సూచిస్తుంది. వీటికి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. అది ల్యాబువారి నిర్లక్ష్యం అనుకోవద్దు.

ఇక రేడియేషన్ విభాగంలో పని ఉంది. ముఖానికి సరిపడే వల వంటి ప్లాస్టిక్ మాస్కు వేడి నీళ్ళలో మెత్తబరచి ముఖం మీదనే అచ్చు పోస్తారు. తల ప్రతిరోజూ ఒకే చోట కదలకుండా ఉండడానికి ఇది. ఆ మాస్కుతో సి.టి. తీసి, ఎమ్మారైతో జత చేసి, కంటి నరం, మెదడు కాండం తప్పించి కిరణాల దారి గీస్తారు. దీనికి వారం, పది రోజులు పట్టవచ్చు.

అమెరికాలో పలు పరిశోధనల్లో పాల్గొన్న 2,855 మంది గ్లయోబ్లాస్టోమా రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూసి 2009లో ప్రచురించారు. రెండు వారాలలోపే రేడియేషన్ మొదలుపెట్టిన వారికి అదనపు మేలు ఏమీ కనబడలేదు. నాలుగు వారాలు దాటి, ఆరు వారాలలోపు మొదలైన వారికి నష్టమూ కనబడలేదు. అంటే నాలుగో వారంలో ఉన్నవారు "అయ్యో ఆలస్యమైపోయింది" అని రాత్రుళ్ళు నిద్ర మానుకోనక్కరలేదు.

మరి ఎప్పటివరకు ఆగవచ్చు?

ఆ పరిశోధనల్లో ఉన్నవారందరూ దాదాపు ఆరు వారాలలోపే మొదలుపెట్టినవారు. అంతకు మించి ఆగినా ఫరవాలేదని అవి చెప్పలేదు. నాలుగో గ్రేడు గడ్డ ఊరికే ఉండేది కాదు. ఒకసారి మళ్ళీ కంటికి కనబడేంత పెరిగితే, ఆపరేషన్ వల్ల వచ్చిన లాభం పోయినట్టే. అందుకే సాధారణంగా ఆపరేషన్ అయిన మూడు నుండి ఆరు వారాల మధ్య మొదలుపెట్టాలని చెబుతారు. ఆరు వారాల ఒక రోజున తలుపు మూసుకుపోతుందని కాదు. కుట్ల దగ్గర చీము పట్టిందని, జ్వరం ఉందని, రోగి లేవలేకపోతున్నాడని డాక్టరు ఒక వారం వాయిదా వేస్తే అది సరైన వాయిదా. భయపడకండి. ఇంటి కారణాలతో మనమే వేసుకునే వాయిదా గురించే నా బాధంతా.

ఆ కారణాలు మాకు బాగా తెలుసు. బయాప్సీ కాగితం ఎవరూ తెచ్చుకోకపోవడం. తెచ్చుకున్నా ఇంగ్లీషులో ఉందని బీరువాలో పెట్టడం. "తల గట్టిపడాలి, మూడు నెలలు ఆగండి" అని చుట్టాలు చెప్పడం. ఎవరో ఆకుపసరు ఇస్తారని రెండు జిల్లాలు దాటి వెళ్ళడం. ఉన్న ఊరిలో మిషను లేదు, ఆరు వారాలు ఎక్కడ ఉండాలి అన్న దిగులు. వీటన్నిటిలో చివరిదే నిజమైన కష్టం. మిగిలినవి ఒక ఫోనుతో తీరేవి.

మాస్టారు విషయానికి వస్తాను. పెళ్ళి తర్వాత వెళ్తే పదో వారం దాటిపోతుంది. ఆ మాట నేను దాచకుండా చెప్పాను. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అప్పుడు మా సిస్టరు ఒకరు అడిగిన ప్రశ్నతో చిక్కు విడిపోయింది. "పెళ్ళి ఏ వారం పెట్టుకున్నారు?" గురువారం. రేడియేషన్ సోమవారం నుండి శుక్రవారం వరకే ఇస్తారు, శని ఆదివారాలు సెలవు. వియ్యాలవారితో మాట్లాడి పెళ్ళిని అదే వారంలో శనివారానికి మార్చారు. మాస్టారు ఆ గురువారమే వేలూరు బయలుదేరారు. సరిగ్గా 42వ రోజున మొదటి రేడియేషన్ పడింది. నాలుగో వారంలో శుక్రవారం మధ్యాహ్నం చికిత్స ముగించుకుని కాట్పాడిలో రైలెక్కి, శనివారం కూతురిని చర్చిలోకి చేయి పట్టుకుని నడిపించి, ఆదివారం ఆరాధన తర్వాత తిరుగు రైలెక్కి, సోమవారం బల్ల మీద పడుకున్నారు. ఒక్క రోజు కూడా తప్పలేదు. రేడియేషన్ ప్రాంతంలో జుట్టు ఊడింది కాబట్టి పెళ్ళి ఫొటోల్లో తలపాగా ఉంది. బాగుంది కూడా.

వేలూరు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మన దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో ఆ క్రైస్తవ వైద్య కళాశాలలోనే డాక్టర్ జేకబ్ చాందీగారు ప్రారంభించారు. అయితే మెదడుకు రేడియేషన్ కోసం అందరూ అంత దూరం వెళ్ళాలని కాదు. హైదరాబాదులో, విశాఖపట్నంలో, ఇంకా పలు పట్టణాల్లో మిషన్లు ఉన్నాయి. ఇంటికి దగ్గరగా, ఆరు వారాలు తప్పకుండా వెళ్ళగలిగిన చోటే మీకు మంచి చోటు. వారానికి రెండు రోజులు తప్పిపోయే పెద్ద ఆస్పత్రికంటే రోజూ అందే చిన్న ఆస్పత్రి మేలని నా అభిప్రాయం. మధ్యలో గ్యాపు ఇస్తే మిగిలిన కణాలు ఆ గ్యాపులో పెరుగుతాయి.

మాత్రలు ఎప్పుడు?

గ్లయోబ్లాస్టోమాకు ఇచ్చే కీమో చాలామందికి సూది కాదు, మాత్ర. పేరు టెమోజోలమైడ్. దీని సమయం గురించి యూరప్, కెనడా దేశాల్లో 573 మంది మీద చేసిన పరిశోధన 2005లో వచ్చింది. అప్పటి నుండి ప్రపంచమంతా దానినే అనుసరిస్తోంది. రేడియేషన్ 30 రోజుల్లో మొత్తం 60 గ్రే. మొదటి రేడియేషన్ రోజు నుండి చివరి రోజు వరకు తక్కువ మోతాదులో రోజూ మాత్ర. తర్వాత నాలుగు వారాలు విశ్రాంతి. ఆ తర్వాత మోతాదు పెంచి, 28 రోజులకోసారి అయిదు రోజుల చొప్పున ఆరు విడతలు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, రేడియేషన్ లేని శని ఆదివారాల్లో మాత్ర మానేయడం. ఆ ఆరు వారాల్లో మాత్ర వారానికి ఏడు రోజులూ వేసుకోవాలి, ఆదివారం కూడా. పరగడుపున, వాంతి రాకుండా ఇచ్చిన మాత్ర ముందు వేసుకుని, రేడియేషన్‌కు ఒక గంట ముందు వేసుకోమంటారు. గొట్టం విప్పి పొడి కలపకూడదు. రెండోది, నాలుగు వారాల విశ్రాంతిని చికిత్స అయిపోయిందని అనుకోవడం. అది అయిపోవడం కాదు, సగం దారిలో సత్రం. వారం వారం రక్తపరీక్ష తప్పకూడదు. ప్లేట్‌లెట్లు పడిపోతే డాక్టరే మాత్ర ఆపుతారు, మీ అంతట మీరు ఆపవద్దు.

లాభం ఎంత అని అడిగే హక్కు మీకుంది. ఆ పరిశోధనలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగంమంది 12.1 నెలలు దాటి జీవించారు. రెండూ కలిపి తీసుకున్నవారిలో 14.6 నెలలు. ఇది విని "రెండున్నర నెలల కోసం ఇంత కష్టమా" అంటారు కొందరు. కానీ రెండేళ్ళ తర్వాత చూస్తే నూటికి పదిమంది ఉన్నచోట ఇరవై ఆరుగురు ఉన్నారు. అయిదేళ్ళ తర్వాత నూటికి ఇద్దరి చోట దాదాపు పదిమంది. ఈ లెక్క దాచడం నాకు ఇష్టం లేదు, ఎక్కువ చేసి చెప్పడమూ ఇష్టం లేదు. రోగికి ఎంత చెప్పాలన్నది ఇంటివారు నిర్ణయించకుండా, ముందు రోగినే "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది" అని అడగండి.

అరవై అయిదు దాటిన పెద్దవారికి ఆరు వారాలు భారమైతే మూడు వారాల పద్ధతి ఉంది. 15 రోజుల్లో 40 గ్రే, మాత్రలతో కలిపి. అలా ఇచ్చినా మేలు ఉందని 2017లో వచ్చిన పరిశోధన చూపింది. ఊరు విడిచి ఉండలేని తాతగారి కోసం ఈ సంగతి డాక్టరును అడగండి.

పిల్లల సంగతి వేరు. చిన్న మెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమాకు తలతో పాటు వెన్నెముక పొడవునా రేడియేషన్ ఇవ్వాలి. ఆపరేషన్ అయిన ఏడు వారాలలోపు మొదలు కావాలి. మూడేళ్ళలోపు బిడ్డకైతే ఎదిగే మెదడు దెబ్బతినకుండా ముందు కీమో ఇచ్చి, రేడియేషన్‌ను వీలైనంత వెనక్కి నెడతారు.

ఆగే రోజుల్లో ఇంటి దగ్గర

ఈ వారాల్లో చాలామంది డెక్సామెథసోన్ మాత్ర మీద ఉంటారు. మెదడు వాపు తగ్గించేది అదే. దానిని హఠాత్తుగా ఆపితే ప్రమాదం. షుగర్ కూడా అమాంతం పెంచుతుంది. మాస్టారు మా దగ్గరకు వచ్చింది ఆ షుగరు కోసమే, ఆ రకంగా మేలే జరిగింది. ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు.

ఉపవాస ప్రార్థన గురించి అడుగుతారు. స్టెరాయిడ్ మాత్ర వేసుకునేవారు, షుగర్ ఉన్నవారు ఉపవాసం ఉండవద్దు. మీ బదులు సంఘం ఉంటుంది. నూనెతో అభిషేకించి ప్రార్థన చేయించుకోవాలనుకుంటే పాస్టరుగారికి ముందే చెప్పండి, కుట్లు మానని తలకు కాక అరచేతికి రాస్తారు. మా పాస్టరుగారు ఆ మాటకు నవ్వి "అరచేయి కూడా దేవుడు చేసిందే" అన్నారు. "ప్రార్థనతో బాగయ్యాను, ఇక రేడియేషన్ ఎందుకు" అనేవారికి నేను వాదం చెప్పను. లూకా వైద్యుడనీ, అపొస్తలుడైన పౌలుకు ఆయన తోడుగా ఉన్నాడనీ మాత్రం గుర్తు చేస్తాను.

రేడియేషన్ అయిన నెలకు తీసే ఎమ్మారై గురించి ముందే చెప్పాలి. అందులో గడ్డ చోటు కొన్నిసార్లు ముందుకంటే పెద్దగా కనబడుతుంది. చికిత్స ప్రభావంతో వచ్చే వాపు కూడా అలాగే ఉంటుంది. మొదటి మూడు నెలల్లో ఇది నిజంగా పెరగడమా, వాపా అని డాక్టర్లకే తేల్చడం కష్టం. చాలాసార్లు మాత్రలు కొనసాగించి, కొన్ని వారాలకు మళ్ళీ స్కానింగు చేస్తారు. ఆ మొదటి ఫిల్ము చూసి చికిత్స మానేసి ఇంటికి వచ్చినవారు మాకు తెలుసు.

మాస్టారుకు అలాగే జరిగింది. రెండో స్కానింగులో వాపు తగ్గింది. ఆరు విడతల మాత్రలు పూర్తి చేశారు. మధ్యలో ఒక విద్యా సంవత్సరం సగం వరకు బడికి కూడా వెళ్ళారు. ఆపరేషన్ నుండి లెక్కిస్తే ఇరవై రెండు నెలలు మన మధ్య ఉన్నారు. మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్నారు. పెళ్ళి శనివారానికి మార్చినందుకు వియ్యాలవారు నొచ్చుకున్నారని, మనవరాలు పుట్టాకే వాళ్ళ కోపం పోయిందని అమ్మగారు ఇప్పుడు నవ్వుతూ చెబుతారు.

ఖర్చు గురించి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో విడివిడిగా నడుస్తోంది. ఆపరేషన్‌కు వచ్చిన అనుమతి రేడియేషన్‌కు సరిపోతుందనుకోకండి. డిశ్చార్జి రోజునే పథకం కౌంటరులో తర్వాతి అనుమతికి ఏ కాగితాలు కావాలో అడగండి. క్యాన్సర్ రోగికీ తోడు వెళ్ళేవారికీ రైల్వే రాయితీ ఉంది, దాని ఫారం చికిత్స చేసే ఆస్పత్రిలోనే సంతకం చేసి ఇస్తారు.

పట్నంలో తలకు ఆపరేషన్ అయినవారు కుట్లు తీయించుకోవడానికి మన ఆస్పత్రికి వస్తే డిశ్చార్జి కాగితం, ఎమ్మారై ఫిల్ములు, బయాప్సీ రిపోర్టు మూడూ ఒకే సంచిలో తెండి. రిపోర్టు ఇంకా రాకపోతే ల్యాబు రశీదు తెండి, ఫోను మేమే చేస్తాం.